మేడమీదివారు, మేడక్రిందివారు

తెర దిగినంత మాత్రమున నాటకము ముగియదు. పాత్రలు చేసినది మేలో కీడో, రచయిత చెప్పినది నిజమో కల్లయో, వేషము కాలమునకు తగినదో తగనిదో అని నలుగురు కూడి మాటలాడుకొనునంత కాలము అది నడచుచునే యుండును. మన గ్రామములలో రాత్రియంతయు వీధినాటకము చూచిన జనులు మరునాడు రచ్చబండ మీద ఆ వాదమునే సాగించెడివారు. ఈ కాలమున ఆ రచ్చబండ పని టెలివిజను నాటకముల అభిమానులకు సంక్రమించినది. అట్టి యొక చర్చయే నేటి మా ప్రసంగ విషయము. ఇంగ్లండు దేశపు ప్రభు కుటుంబములను, వారి ఇండ్లలో ఊడిగము చేసిన నౌకర్లను గూర్చిన నాటకములు రెండు లోకమంతట ప్రసిద్ధి కెక్కినవి. వానిని చూచినవారు ఏమి మాటలాడుకొనుచున్నారు? ఏది పట్టించుకొనుచున్నారు? ఏది విడిచిపెట్టుచున్నారు? ఈ మూడు ప్రశ్నలను కొంచెము పరిశీలింతము.

నాటకములను చూడని శ్రోతల కొరకు ముందుగా రెండు మాటలు చెప్పవలెను. మొదటి నాటకము పేరు 'అప్‌స్టెయిర్స్, డౌన్‌స్టెయిర్స్'. మేడమీదివారు, మేడక్రిందివారు అని మనము చెప్పుకొనవచ్చును. ఇది 1971 అక్టోబరు మొదలు 1975 డిసెంబరు వరకు 68 భాగములుగా బ్రిటిష్ టెలివిజనులో ప్రసారమైనది. లండను నగరమున బెల్గ్రేవియా యను సంపన్నుల పేట కలదు. అందలి ఈటన్ ప్లేస్ వీధిలో 165 సంఖ్య గల ఇంట బెల్లమీ దంపతులు, వారి బిడ్డలు పై అంతస్తులలో నివసింతురు. బట్లరు హడ్సన్, వంటమనిషి మిసెస్ బ్రిడ్జెస్, పరిచారిక రోజ్ మొదలగు వారు నేలమాళిగలో పనిచేయుదురు. కథ 1903లో మొదలై 1930లో ముగియును. వీధి దృశ్యముల కొరకు ఆ వీధిలోని 65వ సంఖ్య గల ఇంటి ముందు ఒకటవ అంకెను చేర్చి 165గా చూపిరి.

రెండవది 'డౌన్‌టన్ యాబీ'. 2010 సెప్టెంబరు మొదలు 2015 క్రిస్మసు వరకు 52 భాగములు వెలువడినవి. పిదప 2019, 2022, 2025 సంవత్సరములలో మూడు చలనచిత్రములు కూడ వచ్చినవి. రచయిత జూలియన్ ఫెలోస్. యార్క్‌షైరులోని గ్రాంథమ్ ప్రభువు, అమెరికా దేశపు ధనవంతుని కుమార్తెయగు ఆయన భార్య, మువ్వురు కుమార్తెలు, మాటకు మాట అంటించు ముసలి తల్లి - వీరు పైనివారు. బట్లరు కార్సన్, గృహ నిర్వాహకురాలు మిసెస్ హ్యూస్, వంటమనిషి మిసెస్ ప్యాట్‌మోర్, వంటశాలలో పనిచేయు బాలిక డైసీ - వీరు క్రిందివారు. 1912 ఏప్రిలులో టైటానిక్ నౌక మునిగెనన్న వార్తతో కథ ఆరంభమై 1925వ సంవత్సరము చివరి రాత్రితో టెలివిజను భాగము ముగిసినది.

ఈ నాటకము చిత్రీకరించిన తీరులో ఒక విశేషమున్నది. పై అంతస్తుల దృశ్యములను హాంప్‌షైరులోని హైక్లియర్ కోటలో నిజమైన భోజనశాలలయందు, నిజమైన గ్రంథాలయమునందు తీసిరి. లండను పార్లమెంటు భవనములను రూపొందించిన చార్లెస్ బారీయే 19వ శతాబ్దిలో ఆ కోటకు నేటి రూపమిచ్చెను. కాని నౌకర్ల వంటశాలను, భోజనపు గదిని, నడవలను మాత్రము లండనులోని ఈలింగ్ స్టూడియోలో కొత్తగా కట్టవలసి వచ్చినది. ప్రభువు భోజనము చేసిన బల్ల నిలిచినది. ఆ భోజనమును వండిన పొయ్యి నిలువలేదు. ఈ సంగతిని శ్రోతలు జ్ఞాపకముంచుకొన ప్రార్థన. అభిమానుల చర్చకంతకు ఇది మూలమని మాకు తోచుచున్నది.

ఇక చర్చ సంగతి. అభిమానులు మిక్కిలి ఉత్సాహముతో చేయు పని తప్పులు పట్టుట. డౌన్‌టన్ యాబీ మొదటి సంవత్సరముననే ఒక దృశ్యములో ఇంటి కప్పుపై టెలివిజను ఆంటెన్నా కనబడినదని కొందరు, వీధిలో బండ్లు నిలుపరాదని సూచించు పచ్చని జంట గీతలు కనబడినవని మరికొందరు ఎత్తి చూపిరి. పాత్రల నోట పలికించిన మాటలు కొన్ని ఆ కాలమునకు పుట్టియే యుండలేదని నిఘంటువులు తిరుగవేసినవారును కలరు. 2014లో విడుదల చేసిన ఒక ప్రచార ఛాయాచిత్రమున, అలంకారపు పాత్రల నడుమ, నిప్పుగూటి పైయరుగుపై, ఒక ప్లాస్టిక్కు నీటి సీసా నిలిచియున్నది. అది చూచి లోకము నవ్వినది. నటీనటులు చిన్నబుచ్చుకొనక, అందరును చేత నీటి సీసాలు పట్టుకొని మరియొక ఛాయాచిత్రము తీయించుకొని, పేద దేశములలో మంచినీటి వసతికై పాటుపడు వాటర్ ఎయిడ్ అను ధర్మసంస్థను గూర్చి ప్రజలకు తెలియజేసిరి. ఒక పొరపాటు ఇంత చక్కగా సద్వినియోగమగుట అరుదు.

ఈ తప్పులు పట్టుటను మేము తేలికగా చూడము. వస్తువును శ్రద్ధగా చూచువాడు క్రమముగా ఆచారమును చూచును. ఆచారమును చూచువాడు దాని వెనుక మనిషిని చూడగలడు. మొదటి భాగములోనే ఉదయమున ప్రభువునకు పంపవలసిన వార్తాపత్రికలను ఇస్త్రీ చేయు దృశ్యమున్నది. ఎందులకని డైసీ అడుగును. అచ్చు సిరా ఆరిపోవును, దొరవారి చేతులకు మరక అంటదు అని ఉత్తరము. ఇట్లే, మిసెస్ హ్యూస్‌కు పెండ్లి కాలేదు గదా, ఆమెను మిసెస్ అని పిలుచుటేమి అని కొందరు సందేహపడిరి. పెద్ద ఇండ్లలో గృహ నిర్వాహకురాలిని, వంట పెద్దను, పెండ్లి అయినను కాకున్నను అట్లు పిలుచుట నాటి మర్యాద. దొరసాని స్వంత పరిచారికను ఇంటిపేరుతో పిలుతురు. వట్టి పనిపిల్లను పుట్టుపేరుతో పిలుతురు. కొన్ని ఇండ్లలో ఫుట్‌మన్ పనికి చేరిన యువకుని పేరు ఏదైనను యజమాని పెట్టిన పేరే నిలిచెడిది. పాతవాడు జేమ్స్ అయినచో కొత్తవాడును జేమ్సే. వస్తువులనుండి మొదలైన చర్చ ఇంతవరకు వచ్చినప్పుడు అది వట్టి కాలక్షేపము కాదు.

అభిమానుల రెండవ వేడుక పాత్రల కొరకు దుఃఖించుట. 2012వ సంవత్సరమున ఈ దుఃఖము రెండు పర్యాయములు సంభవించినది. మూడవ కుమార్తె సిబిల్ ప్రసవానంతరము వాతము కమ్మి మరణించినది. స్థానిక వైద్యుడు ముందే ప్రమాదమును పసిగట్టి హెచ్చరించెను. లండను నుండి రప్పించిన బిరుదాంకితుడగు వైద్యుడు ఆ మాటను త్రోసిపుచ్చెను. ఇంటి యజమాని బిరుదునే నమ్మెను. ఆ యేడు క్రిస్మసు రాత్రి ప్రసారమైన భాగము చివర, అప్పుడే పుట్టిన కుమారుని చూచి ఆనందముతో తిరిగి వచ్చుచున్న మాథ్యూ మోటారు ప్రమాదమున మరణించెను. పండుగనాడు ఇంత నిర్దయయా యని ప్రేక్షకులు రచయితపై అలిగిరి. ఆ పాత్ర ధరించిన నటుడు నాటకమును విడిచి వెళ్ల నిశ్చయించుటయే దీనికి కారణమని తెలిసినను వారి బాధ తీరలేదు. కల్పిత పాత్రకై కన్నీరు కార్చుట వెర్రితనము కాదు. మన పూర్వులు దీనిని రసమనిరి.

అయినను ఇచ్చట మేమొక చిత్రము గమనించితిమి. అభిమానులు వేడుకకు, ఆ ఇంట మనము పుట్టియున్నచో ఎవరమై యుందుము అని ఒకరినొకరు ప్రశ్నించుకొందురు. ఒకరు తాము పెద్ద కుమార్తె మేరీ యందురు. ఒకరు ముసలి దొరసాని యందురు. క్రిందివారిని కోరినవారు సైతము బట్లరు కార్సనునో మిసెస్ హ్యూస్‌నో కోరుదురు. తెల్లవారకముందే లేచి, తక్కిన పరిచారికలను తలుపుతట్టి లేపి, గదిగదికి పోయి, నిద్రించువారికి మెలకువ రాకుండ నిప్పు రాజవేయు డైసీని కోరువారు అరుదు. లెక్క మాత్రము వేరువిధముగ నున్నది. 1911 జనాభా లెక్కల నాటికి ఇంగ్లండు, వేల్సు దేశములలో పదిలక్షలకు మించిన స్త్రీలు ఇండ్లలో ఊడిగము చేయుచుండిరి. స్త్రీలకు జీతము దొరకు పనులన్నిటిలోను ఇదియే పెద్దది. ప్రభు కుటుంబములు కొన్ని వందలు మాత్రమే. ఆ కాలమున పుట్టినవారిలో మేడమీద పుట్టుటకు ఎందరికి అవకాశముండెనో, మేడక్రింద పనికి చేరుటకు ఎందరికి అవసరముండెనో దీనినిబట్టి ఊహించుకొనవచ్చును. పైగా ఆ పదిలక్షల మందిలో అధికులు డౌన్‌టన్ వంటి మహాభవనములలో పనిచేసినవారు కారు. మధ్యతరగతి కుటుంబమున ఒంటరిగా, తోడు మాటలాడువారు కూడ లేక, ఇంటి పనులన్నియు ఒక్కతెయే చేసిన పిల్లలే ఎక్కువ. వారి కథకు వెండి పళ్లెరములు లేవు. పెద్ద బల్ల చుట్టు కూర్చుండి నవ్వుకొను తోటివారు లేరు. కనుకనే నాటకములకు ఆ కథ ఎక్కలేదు.

ఇప్పుడు మూడవ చర్చకు వచ్చుచున్నాము. అన్నిటికంటె ముఖ్యమైనది ఇదియే. ఈ నాటకములలో యజమానులు మిక్కిలి మంచివారుగా కనబడుచున్నారు గదా, ఇది నిజమా? అభిమానులు ఈ ప్రశ్న యెదుట రెండు పక్షములుగా చీలుదురు.

అవునను పక్షమువారి వాదము ఇది. యజమానులందరు క్రూరులు కారు. ఒకే ఇంట ముప్పది యేండ్లు పనిచేసిన నౌకర్లు, యజమాని వీలునామాలో భరణము పొందినవారు చరిత్రలో నున్నారు. వంటమనిషికి కంటిచూపు తగ్గినప్పుడు గ్రాంథమ్ ప్రభువు ఆమెను లండనుకు పంపి శస్త్రచికిత్స చేయించుట అసంభవము కాదు. మరియు ఈ నాటకములకు ముందు వచ్చిన అనేక నాటకములలో నౌకరు టీ పళ్లెము తెచ్చి బల్లపై నుంచి వెళ్లువాడు మాత్రమే. అతనికి పేరు, ప్రేమ, పగ, ఆశ కల్పించుటయే ఒక న్యాయము. ఈ మాటలో సత్యమున్నది. దానిని మేము కాదనము.

కాదను పక్షమువారు పత్రములు చూపుదురు. మార్గరెట్ పోవెల్ అను ఆమె 1920 ప్రాంతములలో, తన పదునైదవ యేట, హోవ్ పట్టణమున ఒక ఇంట వంటశాలలో పనికి చేరెను. దరిమిలా ఆమె వ్రాసిన జ్ఞాపకముల గ్రంథము 1968లో వెలువడి బహుళ ప్రచారము పొందినది. అందామె తెలిపిన సంగతులలో బూట్ల లేసులను సైతము ఇస్త్రీ చేయుట యొకటి. ఒకనాడు వాకిట వార్తాపత్రికలు వచ్చినవి. దొరసాని అటు రాగా ఆ పిల్ల వానిని చేతితో అందించెను. దొరసాని నివ్వెరపోయి, వట్టిచేతితో తనకెన్నడు ఏదియు ఇయ్యరాదనియు, వెండి పళ్లెరములో నుంచి ఇయ్యవలెననియు ఆజ్ఞాపించెను. ఆ పిల్లను ఎవరును కొట్టలేదు, తిట్టలేదు. అయినను తన చేయి మనిషి చేయి కాదేమో యను తలంపు ఆమెకు కలిగినది. వార్తాపత్రిక ఇస్త్రీ దృశ్యమును చూచి ముచ్చటపడిన ప్రేక్షకుడు ఈ రెండవ వార్తాపత్రికను కూడ తలచుకొనవలెను.

మరియొక సాక్ష్యము చట్టసంబంధమైనది. 1911లో లాయిడ్ జార్జి ప్రవేశపెట్టిన జాతీయ బీమా చట్టము ఇండ్లలో పనిచేయు నౌకర్లకును వర్తించినది. నౌకరు కొన్ని పెన్నీలు, యజమాని కొన్ని పెన్నీలు వారము వారము చెల్లింపవలెను. చెల్లించినందులకు గుర్తుగా కార్డుపై బిళ్లలు అంటింపవలెను. నౌకరు రోగపడినప్పుడు వైద్యము, కొంత భత్యము లభించును. ఇంత చిన్న మేలునకు ఎదురు తిరిగి ఆ యేడు నవంబరులో లండనులోని ఆల్బర్ట్ హాలునందు గొప్ప సభ జరిగినది. ప్రభు వనితలు వేదికనెక్కి, మేము బిళ్లలు నాకి అంటింపవలెనా యని నిరసించిరి. యజమానురాండ్ర వెంట వచ్చిన పరిచారికలు కూడ సభలో నుండిరి. చందాల వసూలు 1912 జూలైలో ఆరంభమైనది. డౌన్‌టన్ యాబీ కథ మొదలైనది 1912 ఏప్రిలులో గదా! అనగా డైసీ నిప్పు రాజవేయుచున్న ఆ దినములలోనే, ఆమె వైద్యమునకు పెన్నీలు ఇయ్యవలెనా వలదా యని దేశమంతట వాదము నడచుచుండెను. ఇంటి కప్పుమీది ఆంటెన్నాను చూచిన కన్నులు దీనిని కూడ చూడదగును.

వోటు హక్కు సంగతి అట్లే. 1918 చట్టము ముప్పది యేండ్లు నిండిన స్త్రీలకు కొన్ని నిబంధనలతో వోటు నిచ్చినది. ఇల్లు వాకిలి యైనను ఉండవలెను. ఇంటివాని భార్యయైనను కావలెను. యజమాని కప్పుక్రింద చిన్నగదిలో పండుకొను అవివాహిత పరిచారికకు ఆ నిబంధన సామాన్యముగా అడ్డు వచ్చినది. పురుషులతో సమానముగా స్త్రీలందరికి వోటు వచ్చినది 1928లో. నాటకములో సిబిల్ స్త్రీల హక్కులకై సభలకు పోవుట చూచి మనము సంతోషింతుము. ఆమె పడక సర్దిన పరిచారికకు ఆ హక్కు ఎప్పుడు వచ్చెనో ప్రశ్నింపము.

అట్లని నాటకము అబద్ధమని మేము త్రోసివేయము. రచయితకు ఈ సంగతులు తెలియకపోలేదు. ఆయన వానిని అక్కడక్కడ దాచి ఉంచినాడు, వెదకువారికి దొరకును. మొదటి సంవత్సరమున గ్వెన్ అను పరిచారిక తన గదిలో టైపురైటరు నొకటి దాచుకొని, తపాలా పాఠముల ద్వారా గుమాస్తా విద్య నేర్చుకొనును. సంగతి బయటపడినప్పుడు క్రిందివారే కొందరు నొచ్చుకొందురు - మన బ్రతుకు ఈమెకు చాలదా యని. సిబిల్ సహాయము చేయగా గ్వెన్‌కు టెలిఫోను కంపెనీలో ఉద్యోగము దొరకును. ఆమె నవ్వుచు ఇల్లు విడుచును. చాల సంవత్సరములకు, ఆరవ భాగావళిలో, ఆమె భర్తతో కలిసి అదే ఇంటికి అతిథిగా విచ్చేసి, పై అంతస్తు భోజనపు బల్ల వద్ద కూర్చుండును. రెండేండ్ల పాటు ప్రతిదినము తమ గదులు తుడిచి, పడకలు సర్దిన ఆ మనిషిని కుటుంబములో ఒక్కరును గుర్తింపరు. క్రిందివారు గుర్తింతురు. నౌకరు ఒకడు కుత్సితముతో ఆ రహస్యమును బల్ల వద్దనే బయటపెట్టును. అప్పుడు గ్వెన్ సిగ్గుపడక, చనిపోయిన సిబిల్ తనకు చేసిన మేలును అందరియెదుట స్మరించును.

మా దృష్టిలో ఆ నాటకమునకంతకు ఇది ప్రాణమైన ఘట్టము. ఆ ఇంటివారు దుర్మార్గులు కారు. గ్వెన్‌ను ఎవరును హింసింపలేదు. అయినను ఆమె ముఖము వారికి జ్ఞాపకము లేదు. నౌకరు ముఖము జ్ఞాపకముంచుకొనవలసిన అవసరము వారికి ఎన్నడును కలుగలేదు. మంచి యజమానియా చెడ్డ యజమానియా యని రెండు పక్షములు చేయు వాదమునకు ఇచ్చట సమాధానమున్నది. లోపము యజమాని గుణములో లేదు. ఇంటి ఏర్పాటులోనే యున్నది. అట్టి ఇండ్లలో పైభాగమును, పనివారి భాగమును వేరుచేయు తలుపునకు ఆకుపచ్చని ముతక ఉన్నిగుడ్డ తాపడము చేసెడివారు. వంటశాల చప్పుడు పైకి వినబడకుండుట దాని ప్రయోజనము. పైవారు గంట త్రాడు లాగిన క్రింద గంట మ్రోగును. ఏ గది గంటయో తెలియుటకు క్రింద గోడపై వరుసగా పేర్లుండును. పైనుండి క్రిందికి పిలుపు పోవును గాని క్రిందినుండి పైకి పిలుచుటకు గంట లేదు.

పాత నాటకమున దీనికి సరితూగు ఘట్టము రోజ్ కథ. ఆమె పెండ్లాడదలచిన వాడు మొదటి ప్రపంచ యుద్ధమున మరణించి తన సొమ్ము ఆమెకు వదలెను. ఇంటి కుమారుడు జేమ్స్, మేలుచేయు ఉద్దేశముతోనే, ఆ సొమ్ము తీసికొని వాటాలలో పెట్టెను. 1929లో న్యూయార్కు వాటాల బజారు కూలినప్పుడు అది హరించిపోయినది. జేమ్స్ ఆత్మహత్య చేసికొనెను. ఇల్లు అమ్ముడుపోయెను. చివరి భాగమున రోజ్ శూన్యమైన గదులలో ఒంటరిగా తిరుగుచుండగా పూర్వపు కంఠములు ఆమెకు వినబడును. ప్రేక్షకులు జేమ్సుకై విలపించిరి, విలపింపదగినదే. కాని ఒక స్త్రీకి స్వతంత్రముగా బ్రతుకుటకు మిగిలిన ఒక్క ఆధారము యజమాని సద్భావము వలననే నశించినదని గుర్తించినవారు ఆ నాటకమును నిజముగా చూచినవారు.

ఆ పాత నాటకమున కీ చూపు ఎట్లు లభించెను? దానిని తలపెట్టినవారు జీన్ మార్ష్, ఐలీన్ ఆట్కిన్స్ అను ఇరువురు నటీమణులు. వారిరువురి కుటుంబములలోను పెద్దలు ఊడిగము చేసినవారే. ప్రభువుల కథలు చాల వచ్చినవి, మావారి కథ ఏదీ యను ప్రశ్నయే ఆ నాటకమునకు బీజము. జీన్ మార్ష్ రోజ్ పాత్రను తానే ధరించి 1975లో అమెరికాలో ఎమ్మీ బహుమానము పొందెను. ఆమె 2025 ఏప్రిలులో దివంగతురాలైనది. నౌకర్ల గదుల జ్ఞాపకము గలవారే ఆ గదుల కథను ముందుకు తెచ్చిరని దీనివలన తెలియును.

అభిమానుల చర్చలలో కూడ మాకు అత్యంత గౌరవము కలుగునది ఇట్టివారి యెడలనే. వస్త్రముల అందమును గూర్చియు, పెండ్లి ఎవరితో జరుగునను విషయమును గూర్చియు మాటలు సాగుచుండగా ఒకరు మెల్లగా, మా నాయనమ్మ ఇట్టి ఇంట వంటశాలలో ఉండెడిది యని మొదలిడుదురు. ఆమె చేతులు చలికాలమున పగిలెడివని చెప్పుదురు. వారమునకు ఒక్క పూట సెలవనియు, ఆ పూట తల్లిని చూడబోవుటకే చాలెడిదనియు చెప్పుదురు. ఆ ఇంటి పేరు ఆమె గర్వముతోనే చెప్పెడిదని కూడ చేర్చుదురు. ఆ గర్వము, ఆ పగిలిన చేతులు రెండును నిజమే. ఒకదానికొరకు మరియొకదానిని దాచుట తగదు. ఇట్టి మాట ఒక్కటి వచ్చిన పిదప చర్చ స్వరము మారును. ఈలింగులో చెక్కలతో కట్టిన వంటశాలకు నిజమైన పొయ్యి తెచ్చి పెట్టినవారు వీరే.

ఈ చర్చలో మన దేశమునకు సంబంధించిన ఒక మాట కూడ కలదు. 2010లో బీబీసీ వారు పాత నాటకమును 1936 నాటి కథతో పునరుద్ధరించిరి. అందు ఇండియా నుండి తిరిగివచ్చిన ఒక వృద్ధ దొరసాని వెంట అమన్‌జీత్ అను సిక్కు కార్యదర్శి వచ్చును. ఐలీన్ ఆట్కిన్స్ ఆ దొరసాని పాత్రను, ఆర్ట్ మాలిక్ ఆ కార్యదర్శి పాత్రను ధరించిరి. కల్పితమైన ఆ కార్యదర్శికంటె ముందు, వాస్తవముగా ఇంగ్లండు వెళ్లిన భారతీయ పరిచారికలు ఉన్నారు. చెన్నపట్టణము, బొంబాయి, కలకత్తా రేవులనుండి దొరల కుటుంబములు స్వదేశమునకు ప్రయాణమైనప్పుడు నౌకలో పిల్లలను చూచుకొనుటకు ఆయాలను వెంట గొనిపోయెడివారు. గమ్యము చేరిన పిమ్మట తిరుగు ప్రయాణపు ఖర్చు ఇయ్యక ఆయాను విడిచిపెట్టినవారును ఉండిరి. అట్టివారికి ఆశ్రయమిచ్చుటకు లండనులో ఆయాల గృహమని ఒకటి నడచినది. 1900 నుండి అది హాక్నీ యను భాగమున, కింగ్ ఎడ్వర్డ్స్ రోడ్డులో 26వ సంఖ్య గల ఇంట నుండెను. ఇండియాకు పోవు మరియొక కుటుంబము దొరకువరకు ఆయాలు అచ్చట వేచియుండెడివారు. 2022లో ఆ ఇంటి గోడపై స్మారక ఫలకము నుంచిరి. ఈటన్ ప్లేస్ మేడకు గాని, హైక్లియర్ కోటకు గాని వచ్చు యాత్రికులలో ఎందరు హాక్నీ వరకు పోవుదురో! ఆ గృహమును గూర్చియు ఒక నాటకము రావలసియున్నది.

ఆ మేడలు ఏమైనవి? మొదటి యుద్ధకాలమున పరిచారికలు పెద్ద సంఖ్యలో మందుగుండు కర్మాగారములకు, కార్యాలయములకు తరలిరి. యుద్ధము ముగిసిన పిదప చాలమంది తిరిగి రానొల్లరైరి. మృతుల ఆస్తులపై 1894లో విధించిన పన్ను క్రమముగా పెరిగినది. 20వ శతాబ్దమున వందలాది పల్లెమేడలు నేలమట్టమైనవి. ఆ వినాశమును గూర్చి 1974లో లండనులోని విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియమువారు ఒక ప్రదర్శన నేర్పరుపగా ప్రజలు విచారించిరి. నాటకములు చూచినవారు కూడ ఆ యుగము పోయెనని నిట్టూర్చుచుందురు. అందమైన కట్టడము కూలుట విచారకరమే. కాని గ్వెన్ దృష్టిలో ఆ కాలము వేరువిధముగ నుండును. ఆమెకు టైపురైటరు చప్పుడు ఇల్లు కూలు చప్పుడు కాదు.

కథ ఇంగ్లండునకు సంబంధించినదైనను ప్రశ్న అక్కడనే ఆగదు. 2011 జూనులో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపనివారి హక్కులను గూర్చి 189వ ఒడంబడికను ఆమోదించినది. వారమునకు ఎడతెగని 24 గంటల విశ్రాంతి యుండవలెనని అందొక నియమము. డౌన్‌టన్ యాబీ మొదటి భాగావళికిని రెండవ భాగావళికిని నడుమ ఆ తీర్మానము జరిగినది. డైసీకి దొరకిన ఒక్క పూట సెలవునుండి ఈ 24 గంటల వరకు రావలెనన్నను లోకమునకు ఒక శతాబ్దము పట్టినది. అదియును ఇంకను కాగితముపైననే మిగిలిన దేశములు పెక్కులు గలవు.

కావున ఇట్టి నాటకములను చూడవలదని మేము చెప్పము, తప్పక చూడవలెను. నగలు, వస్త్రములు, వెండి పాత్రలు చూచి ఆనందింపవలెను. మాథ్యూ మరణమునకు కంట తడిపెట్టవలెను. నీటి సీసాను చూచి నవ్వవలెను. అంతతో తృప్తిపడక, తెరపై ఒక పిల్ల బొగ్గు బకెట్టుతో మెట్లెక్కుచున్నప్పుడు, ఈమె ఎన్ని గంటలకు లేచినది, ఎప్పుడు పండుకొనును, ఈమెకు సెలవెప్పుడు అని ప్రక్కవారిని అడుగవలెను. ఇంట నలుగురు కూర్చుండి నాటకము చూచువేళ టీ తెచ్చి ఇచ్చినవారు కూడ ఒక కుర్చీలో కూర్చుండి చూచుచున్నారా లేదా యని ఒక్కసారి తలత్రిప్పి చూచుకొనుట కూడ మంచిదే.